హాఫ్ డిమినిష్డ్ కార్డ్: పేరు చూసి కంగారొద్దు.. నాలుగు తెల్ల మెట్లే!

కీబోర్డ్ నేర్చుకునేవాళ్లు మేజర్, మైనర్ కార్డ్‌లను తొందరగానే పట్టేస్తారు. కానీ పాట షీట్‌లో ‘బి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్’ అని కనిపిస్తే చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. మామూలు బి మైనర్‌తో సరిపెట్టేస్తారు. అక్కడే తేడా కొడుతుంది. బి మైనర్‌లో ఉండేది ఎఫ్ షార్ప్. ఇక్కడ కావాల్సింది మామూలు ఎఫ్. గాయకుడు ఎఫ్ పట్టుకున్నప్పుడు పక్క మెట్టు మోగితే అపస్వరమే.

ఇంతకీ ఏంటీ కార్డ్?

దీనికే హాఫ్ డిమినిష్డ్ సెవెన్త్ అని ఇంకో పేరు. స్వరాలు బి, డి, ఎఫ్, ఎ. నాలుగూ తెల్ల మెట్లే. సి ని షడ్జమం అనుకుంటే శంకరాభరణంలోని ని, రి, మ, ద ఇవే. నల్ల మెట్లనూ కలిపి లెక్కేస్తే బి నుంచి డి కి 3, డి నుంచి ఎఫ్‌కి 3, ఎఫ్ నుంచి ఎ కి 4 మెట్ల దూరం. చివరిది కూడా 3 అయితే పూర్తి డిమినిష్డ్. ఇక్కడ 4 కాబట్టే ‘హాఫ్’.

ఇన్వర్షన్ అంటే?

అడుగున ఏ స్వరం ఉందనేదే ఇన్వర్షన్. బి ఉంటే రూట్ పొజిషన్. డి ఉంటే మొదటి ఇన్వర్షన్, ఎఫ్ అయితే రెండోది, ఎ అయితే మూడోది. మొదటి ఇన్వర్షన్ దగ్గరే అసలు తికమక. డి, ఎఫ్, ఎ, బి అంటే డి మైనర్ సిక్స్త్ కూడా! మెట్లు అవే, పేర్లు రెండు.

మరి ఏ పేరు సరైనది?

అడుగు స్వరంతో పాటు, తర్వాత వచ్చే కార్డ్‌నూ చూడాలి. ఎ మైనర్ పాటల్లో ఇది తరచూ ఇ సెవెన్త్‌కి, అక్కడి నుంచి ఎ మైనర్‌కి వెళ్తుంది. అలా వెళ్తే దాన్ని బి హాఫ్ డిమినిష్డ్‌గా చూడటమే తేలిక.

ఇంకో సౌకర్యం ఏంటంటే.. ఇ సెవెన్త్‌కి మారేటప్పుడు బి, డి మీద వేళ్లు కదలక్కర్లేదు. ఎఫ్ ఒక మెట్టు దిగి ఇ అవుతుంది. ఎ ఒక మెట్టు దిగి జి షార్ప్ అవుతుంది. అంతే! నాలుగు ఇన్వర్షన్లలోనూ ఇదే లెక్క. షీట్‌లో పేరు ఎంత పొడుగున్నా, కదిలేది రెండు వేళ్లే.