మూగవోయిన గడియారము

మా హనుమకొండ యింటి గోడకు ఒక గడియారము కలదు. గంటగంటకు ఒక్కొక్క పక్షి కూత వినిపించుట దాని విశేషము. చూపు మందగించిన మా అమ్మకు కాలము తెలుపునవి ఆ కూతలే. ఒకనాడు అది మూగవోయినది. ముండ్లు మాత్రము తిరుగుచునే యున్నవి. క్రొత్తది కొందమని యింటివారందరు తీర్మానించిరి. గొంతు పోయినదని నడచు మనిషిని వల్లకాటికి మోసికొని పోదుమా?

గడియారమను మాటలోనే గడియ యున్నది. గడియ యనగా 24 నిమిషములు. పూర్వము అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచెడివారు. అది నిండి మునుగుటకు పట్టు కాలమే గడియ. మునిగిన వెంటనే గంట మ్రోగించెడివారు. కాలమును కొలుచుట యొక పని, దానిని చాటుట వేరొక పని. నేటి గడియారములోను అంతే.

కొలుచునది క్వార్ట్జు స్ఫటికము. ఒత్తిడి కలిగినపుడు స్ఫటికములో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు సోకిన స్ఫటికము కంపించును. ఈ గుణముతోనే 1927లో అమెరికాలో వారెన్ మారిసన్ సహచరునితో కలిసి తొలి క్వార్ట్జు గడియారమును నిర్మించెను. నేటి గోడగడియారములోని స్ఫటికము సెకనుకు 32,768 మార్లు కంపించును. విద్యార్థులారా, ఆ సంఖ్యను 15 మార్లు సగము చేసి చూడుడు, ఒకటి మిగులును. సెకను ముల్లును కదుపునది ఆ యొకటే.

చాటునది వేరొక చిన్న పలక. దానికి బ్యాటరీలును తరచు వేరుగనే యుండును. కూత నిలిచినచో ముందు చూడవలసినది వానినే. ఆల్కలైన్ బ్యాటరీ కారి తెల్లని పొడి పేరుకొనినచో, నిమ్మరసముతో తడిపిన దూదితో తుడిచి, బాగుగా ఆరనీయవలెను. కొన్ని గడియారములకు చీకటిలో పలుకకుండుటకై వెలుతురును పసిగట్టు కన్ను కలదు. దానిపై దుమ్ము పట్టినచో పట్టపగలే రాత్రియని భ్రమపడును. ఇవి రెండును సరిగా నున్నచో తీగలను పరీక్షింపవలెను.

మా గడియారమును వరంగల్లు చౌరస్తా దగ్గరి మరమ్మతు దుకాణమునకు కొనిపోతిని. అచటి పెద్దాయన మూత విప్పి, ఊడిన సన్నని తీగను చూపి, ఒక్క చుక్క టంకము వేసెను. "గొంతు మంచిగనే ఉన్నది సారూ, నరం తెగింది, అంతే" అనెను.

ఇట్టి పనివారు నానాటికి అరుదగుచున్నారు. ఉపాధ్యాయులారా, బడిలో గడియారము మూగవోయినచో వెంటనే పారవేయకుడు. బ్యాటరీ తీసి, పిల్లల యెదుట ఒకమారు విప్పి చూపుడు.

ఆ సాయంకాలము గోడపై పిట్ట కూసినది. "ఆరయింది, దీపం పెట్టండిరా" అనెను మా అమ్మ.