అమ్మ అక్కడ ఉండగలదా?

పిల్లలు అమెరికాలో, అమ్మ ఒక్కతే విజయవాడలో... 'అసిస్టెడ్ లివింగ్‌లో చేర్పిద్దామా' అన్న మాట అక్కడే మొదలవుతుంది. తొందరపడకండి. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాలపై అదుపు, తినడం... పెద్దవాళ్ల అవసరాలు తెలుసుకోవడానికి 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం చెప్పిన ఆరు కొలతలివి. ఒకటి రెండింటికి చేయందిస్తే చాలా? ఆ చోటు సరిపోవచ్చు. అన్నిటికీ మనిషి కావాలా? నర్సులుండే చోటు వెతకాలి. వంట ఒక్కటే ఇబ్బందా? క్యారియర్ చాలు, ఇల్లు వదలక్కర్లేదు. చేర్పించే ముందు రాత్రిపూట ఎవరుంటారో అడగండి. నెల రోజులు ఉండి చూడమనండి. ఆపైన అమ్మ 'వద్దు' అంటే... ఆ మాట కూడా వినాలి. ఉండాల్సింది ఆమే కదా!