మీకు తెలుసా? గుండీలు చెప్పే గుట్టు

లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర కాపలా మార్పు చూశాక నాలుగడుగులు వేస్తే వెల్లింగ్టన్ బ్యారక్స్. అక్కడి గార్డ్స్ మ్యూజియానికి అనుబంధంగా బొమ్మ సైనికుల దుకాణం ఒకటుంది.

ఎర్రకోటు, ఎలుగుబంటి తోలు టోపీ... అందరూ ఒకే అచ్చులా కనిపిస్తారు. ఛాతీ మీద గుండీలు చూడండి, ఎవరు ఏ రెజిమెంటో గుట్టు తెలిసిపోతుంది. విడివిడిగా ఉంటే గ్రెనడియర్ గార్డ్స్, జతలుగా ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి ఉంటే స్కాట్స్, నాలుగేసి ఐరిష్, ఐదేసి వెల్ష్. టోపీ కుచ్చు మరో గుర్తు: గ్రెనడియర్‌కు ఎడమవైపు తెల్లది, కోల్డ్‌స్ట్రీమ్‌కు కుడివైపు ఎర్రది. స్కాట్స్‌కు అసలుండదు. వేలెడంత బొమ్మ మీద కుంచెతో ఇవన్నీ దిద్దడం మామూలు ఓపిక కాదు!

ఈ బొమ్మలకు ప్రామాణికమైన ఎత్తు 54 మిల్లీమీటర్లు. ఒకప్పుడు ఈ వ్యాపారం జర్మన్లదే. 1893లో బొమ్మల తయారీదారు విలియం బ్రిటన్ జూనియర్ ఓ కిటుకు కనిపెట్టాడు. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేయడం. లోపల డొల్ల, పైన సైనికుడు! లోహం ఆదా, బరువు తక్కువ, ధరా తక్కువ. జర్మన్ల గుత్తాధిపత్యానికి గండి పడింది.

బొమ్మలతో ఆటంటే పిల్లలదే అనుకోకండి. రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో వీటితో యుద్ధం ఆడే నియమాలపై ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకమే రాశాడు. చర్చిల్‌కు చిన్నప్పుడు దాదాపు 1,500 మంది బొమ్మ సైనికులుండేవారు.

పాతకాలపు బొమ్మ కొంటే అద్దాల బీరువాలోనే ఉంచండి. అందులో సీసం ఉంటుంది, పసిపిల్లల చేతికి ఇవ్వకూడదు. అసలు అట్టపెట్టె కూడా దొరికితే మాత్రం పారేయకండి, సేకర్తలు దానికీ వెల కడతారు.