పాత ట్రక్కు ఇంజన్‌కి బీపీ చూద్దాం రండి

అమెరికాలో సొంత ఇల్లు, గరాజు అమరగానే కొందరు మగవాళ్ళకి పాత బళ్ళ మీద మనసు పోతుంది. మా ఇంటికి ఆ సరదా 1952 నాటి షెవ్రోలె పికప్ ట్రక్కు రూపంలో వచ్చింది. ఈ వసంతంలో దానికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఇంజన్ వేడెక్కాక, బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు దాదాపు సున్నాకి పడిపోయేది. దానికి తోడు లోపల్నుంచి టకటకమని చప్పుడు. చూసిన మెకానిక్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు: ఇంజన్ మొత్తం విప్పి కట్టాల్సిందే అని. వేసవిలో పిల్లలతో ఇండియా వెళ్ళడానికి దాచిన డబ్బంతా దానికే సరిపోతుంది.

టిక్కెట్లా, ట్రక్కా అనే ప్రశ్న వచ్చాక అది మావారి సరదా కాదు, ఇంటి లెక్క. కాలేజీలో చదివిన ఫిజిక్స్ ఇలాంటప్పుడే పనికొస్తుంది.

అసలు ఆయిల్ ప్రెషర్ అంటే ఏమిటి? పంపు నూనెని తోస్తుందంతే. ఆ నూనె బేరింగుల సందుల్లోంచి సులువుగా పోలేక అడ్డుపడినప్పుడే ఒత్తిడి పుడుతుంది. తోటలో నీళ్ళ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎగజిమ్మడం చూశాం కదా, అదే సూత్రం. బేరింగులు అరిగి సందు పెరిగినా, నూనె పలచబడినా, పంపు బలహీనపడినా, నూనె తక్కువైనా ముల్లు పడిపోతుంది. మూకుడులో నూనె కాగాక నీళ్ళలా జారుతుంది చూడండి, ఇంజన్ ఆయిల్ కూడా అంతే. అందుకే ఈ జబ్బు చల్లటి ఇంజన్‌లో దాక్కుని, వేడెక్కాక బయటపడుతుంది.

ముందు బండి ఏ కాలం నాటిదో తెలుసుకోవాలి. మా ట్రక్కులో ఉన్నది షెవ్రోలె వాళ్ళ 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్. 1937 నుంచి 1953 దాకా వాడారు. దాని మీటరే 30 పౌండ్ల వరకు ఉంటుంది. మామూలు వేగంలో 14 పౌండ్ల దగ్గర ఉంటే ఆరోగ్యమే. ఈ కాలం కార్ల అంకెలతో పోలిస్తే గుండె గుభేలుమంటుంది. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. క్రాంక్‌షాఫ్ట్‌ మెయిన్ బేరింగులకి ఒత్తిడితో నూనె వెళ్తుంది, కనెక్టింగ్ రాడ్ బేరింగులకి మాత్రం గరిటెల్లాంటి ముక్కలు నూనెని అందుకుని పంపుతాయి. అంటే రాడ్ బేరింగు అరిగినా మీటరు నేరుగా చెప్పదు. ముల్లు, చప్పుడు రెండూ ఒకే జబ్బు లక్షణాలని ముందే అనుకోకూడదు.

అందుకని ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టాం. మొదటిది, మీటరు నిజం చెబుతోందా? సరిగ్గా పనిచేసే వేరే మీటరు తగిలించి చూశాం. అదీ అదే చెప్పింది. జబ్బు నిజమే.

రెండోది, డిప్‌స్టిక్. ఇక్కడే కథ మలుపు తిరిగింది. కొత్తగా నూనె పోయకపోయినా మట్టం పై గీత దాటి ఉంది! ఒక చుక్క టిష్యూ మీద వేసి వాసన చూస్తే గుప్పున పెట్రోలు. పాత బళ్ళలో ఇంజన్ పక్కనే ఉండే పెట్రోలు పంపులో ఒక పొర ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు తిన్నగా నూనెలోకి కారుతుంది. పలచబడ్డ నూనె ఒత్తిడినీ నిలపదు, లోహాల మధ్య పొరగానూ నిలవదు. అది తెలిశాక ఇంజన్ స్టార్ట్ చెయ్యకూడదు. నిప్పు ప్రమాదం కూడా ఉంది.

పెట్రోలు పంపు మార్చి, నూనె పూర్తిగా దించి కొత్తది పోశాం. ముల్లు తన చోటికి వచ్చింది. చప్పుడు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

చప్పుళ్ళలోనూ రకాలున్నాయి. పైనుంచి సన్నగా టిక్‌టిక్‌మంటే వాల్వులవైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై, వేడెక్కాక తగ్గితే పిస్టన్ కావచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు గలగలమంటే ఇగ్నిషన్ టైమింగో పెట్రోలో కారణం. బరువు మీద కింది నుంచి దబ్‌దబ్‌మంటే మెయిన్ బేరింగు. యాక్సిలరేటర్ వదిలేటప్పుడు గట్టిగా కొట్టుకుంటే రాడ్ బేరింగు. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి వినేది ఈ తేడా కోసమే.

ఏ సిలిండరో పట్టుకోవడానికి ఒక్కో స్పార్క్ ప్లగ్ వైరుని ఇన్సులేషన్ ఉన్న పటకారుతో తీసి ఇంజన్ లోహానికి తాకించారు మావారు. మూడో సిలిండర్ దగ్గర చప్పుడు మెత్తబడింది. అంటే అక్కడి రాడ్ బేరింగే. ట్రక్కుని గట్టి స్టాండ్ల మీద నిలిపి, కింద ఆయిల్ పాన్ దించి చూస్తే షాఫ్ట్ మీద గీతలు లేవు. ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనం దారాన్ని సందులో పెట్టి బిగిస్తే అది నలిగి వెడల్పవుతుంది, ఆ వెడల్పుని బట్టి సందు తెలుస్తుంది. ఈ ఇంజన్‌లో షిమ్‌లనే పలచటి రేకులు తీసి ఆ సందు సరిచెయ్యొచ్చు. అదే చేశాం. షాఫ్ట్ గీసుకుపోయి ఉంటే మాత్రం మెకానిక్ మాటే నెగ్గేది. ఇప్పుడు ట్రక్కూ నడుస్తోంది, టిక్కెట్లూ కొన్నాం.

మీరు గరాజులో ఉంటే జడ, చున్నీ ఫ్యానుకి దూరంగా ఉంచుకోండి. తలుపు మూసి ఇంజన్ నడపొద్దు, పొగ ప్రాణం తీస్తుంది. ఈ వైరు పరీక్ష కొత్త కార్ల మీద చెయ్యొద్దు.

మీరు రోజూ నడిపే కారులో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఇంటిదాకా వెళ్దాంలే అనుకోకండి. భద్రంగా పక్కకి తీసి వెంటనే ఆపెయ్యండి, నూనె మట్టం చూడండి, దీపం ఆరకపోతే టో ట్రక్కుని పిలవండి.

ఎవరైనా మీ ఇంజన్ బోరుకొచ్చిందంటే మూడు ప్రశ్నలు అడగండి: వేరే మీటరుతో ఎంత చూపించింది? నూనె మట్టం, వాసన ఎలా ఉన్నాయి? చప్పుడు ఏ సిలిండర్‌ది? మూడింటికీ జవాబు వచ్చాకే పర్సు తియ్యండి.