రాపిడితో నిప్పు.. ఓర్పు ఉంటేనే సాధ్యం
సాధనకు అనువైన కాలమే.. అడవికి ముప్పు కాలం

అచ్చంపేట: అగ్గిపెట్టె లేని రోజుల్లో మనిషి రెండు కట్టెలను రాపాడించి నిప్పు పుట్టించాడు. ఇంగ్లండుకు చెందిన జాన్ వాకర్ 1827లో రాపిడి అగ్గిపుల్లలను అమ్మకానికి తెచ్చే వరకు లోకమంతటా కట్టె, చెకుముకి రాయి వంటివే ఆధారం. ప్రకృతి శిబిరాలు, అడవి నడకలపై ఆసక్తి పెరుగుతున్న నేపథ్యంలో ఈ పాత విద్యను నేర్చుకోవాలన్న కుతూహలం యువతలో కనిపిస్తోంది. అయితే దీని వెనుక ఉన్న సూత్రం, పాటించాల్సిన జాగ్రత్తలు తెలుసుకోకుండా ప్రయత్నించడం ప్రమాదకరం.

యజ్ఞశాలలో నేటికీ..
ఈ విద్య మనకు కొత్త కాదు. వైదిక యాగాల్లో అగ్నిని నేటికీ అరణి మథనంతోనే పుట్టిస్తారు. కింది పలకను అధరారణి, పై కట్టెను ఉత్తరారణి అంటారు. పెరుగు చిలికే కవ్వం మాదిరిగా తాడు చుట్టి అటూ ఇటూ లాగుతారు. జమ్మిచెట్టుపై మొలిచిన రావి కట్టె ఇందుకు శ్రేష్ఠమని శాస్త్రం చెబుతోంది. కేరళలోని పాంజాళ్‌లో 1975 ఏప్రిల్‌లో జరిగిన అగ్నిచయనంలో ఈ మథనాన్ని పరిశోధకులు చిత్రీకరించారు. ఆయుర్వేదంలోని దశమూలాల్లో ఒకదాని పేరు అగ్నిమంథ. నిప్పును చిలికేది అని దాని అర్థం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత జాతులపై 1906లో వెలువరించిన గ్రంథంలో రాపిడితో నిప్పు చేయడంపై ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది.

చెకుముకి వేరు.. కట్టె వేరు
చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టినప్పుడు వచ్చే రవ్వ రాతిది కాదు. రాయి అంచు ఉక్కు నుంచి గీకిన సన్నని రజను గాలిలో మండటమే ఆ రవ్వ. కట్టెల రాపిడిలో రవ్వలు రావు. రాపిడికి కట్టె అరిగి పొడి రాలుతుంది. అదే రాపిడి వేడికి ఆ పొడి మాడి నల్లబడుతుంది. వేడి సుమారు 400 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు పొడి కుప్ప లోలోపల రాజుకుని చిన్న కణిక అవుతుంది. దానిని మంటగా మార్చడం తరువాతి అంకం.

కట్టెలో తడి ఉంటే ఎంత శ్రమించినా ఫలితం ఉండదు. పుట్టిన వేడి అంతా ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. వానాకాలంలో ఇది కష్టం కావడానికి కారణం ఇదే.

చేసే విధానం ఇలా..
* గోటితో నొక్కితే గాటు పడేంత మెత్తని, తేలికైన ఎండు కట్టెను ఎంచుకోవాలి. ఎండిన జిల్లేడు కర్ర, కిత్తనార పూలకాడ అనుకూలం. చండ్ర వంటి గట్టి కట్టెలు, బంక ఉన్న కట్టెలు అరగకుండా నునుపు తేలుతాయి.
* వేలు మందం పలకలో చిన్న గుంట చేసి, దాని అంచు నుంచి మధ్య వరకు కోణాకారంలో గాడి కోయాలి. రాలిన పొడి చెదరకుండా ఈ గాడిలోనే పోగుపడాలి. కింద ఎండుటాకు పరచాలి.
* చిటికెన వేలు మందం, సుమారు రెండడుగుల పొడవున్న తిన్నని పుల్లను గుంటలో నిలిపి, అరచేతుల మధ్య కిందికి నొక్కుతూ తిప్పాలి. చేతులు అడుగుకు చేరగానే ఆలస్యం చేయక మళ్లీ పైకి తేవాలి. ఆగితే వేడి పోతుంది.
* పొడి లేత గోధుమ రంగులో ఉంటే వేగం చాలలేదని, ముతకగా ఉంటే నొక్కుడు ఎక్కువైందని అర్థం. సన్నని నల్లని పొడి రావాలి.
* తిప్పడం ఆపిన తరువాత కూడా పొడి నుంచి పొగ వస్తుంటే కణిక పుట్టినట్లే. దానిని కొబ్బరి పీచు, ఎండుగడ్డితో గూడులా చేసిన కట్టలో ఉంచి మెల్లగా ఊదాలి.

చేతులు బొబ్బలెక్కుతున్న వారు ఇద్దరుగా కూర్చుని తాడుతో లాగవచ్చు. పుల్ల పైకొనను కొబ్బరి చిప్పతో అదిమి పట్టుకుంటే సరిపోతుంది. కొత్తవారికి తొలి ప్రయత్నంలోనే నిప్పు రావడం అరుదు. పొగ వరకు రావడం కూడా సాధనలో ఒక మెట్టే.

అసలు చిక్కు ఇక్కడే
కట్టె బాగా ఎండి, గాలిలో తేమ తగ్గే మాఘం నుంచి వైశాఖం వరకు సాధన సులువు. సరిగ్గా అప్పుడే నల్లమల వంటి ఆకురాల్చే అడవుల్లో నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. గోరంత కణిక గాలికి జారిపడినా కొండ వాలున మంట వేగంగా పైకి పాకుతుంది. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వన్యప్రాణులతో పాటు చెంచు పెంటలూ ఉన్నాయి. చెంచుల బతుకుతెరువైన అటవీ ఫలసాయం కూడా ఆ మంటకే ఆహుతవుతుంది.

అందుకే చట్టం కఠినంగా ఉంది. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని, ఆర్పకుండా వదలడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ నిషేధిస్తోంది. రిజర్వు అడవుల్లో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం కూడా నేరమే.

ఇంటి పెరడే మేలు
సాధన చేయదలచిన వారు అడవికి వెళ్లకుండా పెరట్లోనో, దున్నిన చేనులోనో చేసుకోవడం ఉత్తమం. చుట్టూ పది అడుగుల మేర చెత్తాచెదారం ఊడ్చి, బిందెడు నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. గాలి వీచే వేళ, గడ్డివాముల సమీపంలో ప్రయత్నించరాదు. పిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి. పని ముగిశాక బూడిదపై నీళ్లు పోసి, కలియబెట్టి, చల్లారిందో లేదో చేతితో తాకి చూడాలి. అడవిలో ఎక్కడైనా మంట కనిపిస్తే అటవీ సిబ్బందికి గానీ, 101 నంబరుకు గానీ వెంటనే తెలపాలి. నిప్పు పుట్టించే నేర్పుతో పాటు దానిని పూర్తిగా ఆర్పే బాధ్యతనూ నేర్పినప్పుడే ఈ పాత విద్య తరువాతి తరానికి మేలు చేస్తుంది.