డాక్టరు బిడ్డ తిరిగి వస్తాడా?

హైదరాబాదు పాతబస్తీలోనో, కర్నూలులోనో, గుంటూరులోనో ఒక ఇంటి బిడ్డ వైద్యవిద్య ముగించి విదేశానికి పయనమయ్యేటప్పుడు ఆ ఇంట వినిపించే మాట దాదాపు ఒక్కటే: "నాలుగైదేళ్ళు. ఆపైన ఇన్షా అల్లాహ్ వచ్చేస్తాడు." అన్న క్షణంలో అది నిజమైన సంకల్పమే. అయితే అది నెరవేరడం బిడ్డ మనసు మీద కంటే వెళ్ళిన దేశపు చట్టం మీద, పుట్టిన పిల్లల చదువు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని మేము భావిస్తున్నాము.

సౌదీ అరేబియాలో డాక్టరు నివాసం ఇఖామాతో, ఇఖామా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు అక్కడి రోగులకు సేవ చేసినా సాధారణంగా పౌరసత్వం లభించదు. అందుచేత గల్ఫ్ డాక్టర్లలో చాలామంది తిరిగి వస్తారు, కాని జుట్టు నెరిశాక. కొందరు అక్కడి నుంచే కెనడాకో, బ్రిటన్‌కో తరలిపోతారు.

అమెరికాలో చట్టం వేరు. జె-1 వీసాపై శిక్షణ పొందిన విదేశీ డాక్టరు ఆ తరువాత రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. వినడానికి మనకు అనుకూలమైన షరతే! కాని 1994లో మొదలైన కాన్రాడ్ పథకం క్రింద, డాక్టర్లు కరువైన అక్కడి ప్రాంతాలలో మూడేళ్ళు పనిచేసేందుకు ఒప్పుకుంటే ఆ షరతు నుంచి మినహాయింపు పొందవచ్చు. ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందికి దీన్ని సిఫారసు చేయవచ్చు. మన జిల్లా ఆసుపత్రికి దక్కవలసిన చేయి అక్కడి పల్లె లోటును పూడుస్తున్నదన్నమాట.

వెళ్ళేవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. యాజమాన్య కోటాలో పీజీ సీటు మధ్యతరగతి ఇంటికి అందేది కాదు. పైగా తిరిగి వచ్చినవారూ ఉన్నారు. కాకర్ల సుబ్బారావుగారు అమెరికా నుంచి వచ్చి నిమ్స్‌కు సారథ్యం వహించారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అక్కడి ఉద్యోగం వదలి వచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిని నెలకొల్పారు. ఇక్కడ తాము చేయవలసిన పని వారికి స్పష్టంగా కనిపించింది. కేవలం ఇంటి బెంగతో వచ్చినవారికి నిలదొక్కుకోవడం అంత సులభం కాదు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) తమ 'ఇహ్యా' గ్రంథంలో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. కొందరు నిర్వర్తిస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ నిర్వర్తించకపోతే ఊరంతా దోషి అవుతుంది. ముస్లిం వైద్యుడే లేని పట్టణాలుండగా విద్యావంతులు మరో విద్య వైపు ఎగబడుతున్నారని ఆయన ఆనాడే ఆవేదన చెందారు.

ఇక తల్లిదండ్రుల మాట. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు వృద్ధులైన తల్లిదండ్రులు బిడ్డ దగ్గరే ఉన్నట్టుగా మాట్లాడుతుంది. మన ఇళ్ళలో మందుల ఖర్చు నెలనెలా ఠంచనుగా అందుతుంది, వీడియో కాల్‌లో రిపోర్టులు చూసి కొడుకు మందు మార్పిస్తాడు. రాత్రి రెండు గంటలకు ఛాతీనొప్పి వస్తే మాత్రం అబ్బాజాన్‌ను ఆటోలో ఎక్కించేది పక్కింటి కుర్రాడు.

అందుకే వీసా చేతికి రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలని మా సూచన. ఏ సంవత్సరం తిరిగి రావాలి, అంతవరకు అమ్మీ, అబ్బా దగ్గర ఎవరుండాలి, వచ్చాక ఏ ఊళ్ళో ఏ పని చేయాలి? రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ గడువు తీరకుండా ఎవరు చూస్తారు? ఆ సంభాషణలో కోడలికి కూడా చోటుండాలి. పరాయి దేశంలో పిల్లల్ని పెంచేది, వచ్చాక అత్తమామలను చూసుకోవలసిందీ ఎక్కువగా ఆమే అయినా, ఆమె అభిప్రాయం అడిగేవారు అరుదు.