కొండల దేశానికి సెలవు ప్రయాణం: లెక్క ఎలా వేసుకోవాలి?

మీరు కౌలాలంపూర్‌లో ఉంటే ఊరికి దగ్గరలోనే కొండలు చూసి ఉంటారు. నేనుండే దోహాలో మాత్రం పిల్లలకి కొండ అంటే పుస్తకంలో బొమ్మే. ఖతార్ దేశం మొత్తానికీ అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 103 మీటర్లు, అంతే. మా బాబు దాన్ని "పర్వతం" అని రాస్తే నేను కొట్టేసి "దిబ్బ" అని రాశాను.

ఇలాంటి చదును నేల నుంచి కొండల దేశానికి వెళ్ళాలంటే ప్రయాణం లెక్క వేరేగా ఉంటుంది. ఈ పాఠంలో ఆ లెక్క చూద్దాం. ఉదాహరణకి నేపాల్ తీసుకుంటున్నాను, ఎందుకంటే రెండు నెలలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర నడుస్తున్న చర్చ అదే.

మా అత్తయ్యగారికి 67 ఏళ్ళు. గుంటూరు నుంచి మూడు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చారు. ముక్తినాథ్ చూడాలని ఆవిడకి ఎప్పటి నుంచో కోరిక. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో అది ఒకటి. పూజలో పెట్టుకునే నల్లని సాలగ్రామాలు ఆ గుడికి దిగువన పారే కాళీ గండకి నదిలో దొరుకుతాయి. ఆవిడకి బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు.

మొదటి ప్లాను మావారు వేశారు. మొత్తం ఆరు రోజులు. మొదటిరోజు ఖాట్మండు, రెండోరోజు పోఖరా, మూడోరోజు పొద్దున్నే చిన్న విమానంలో జోమ్‌సోమ్, అక్కణ్ణుంచి జీపులో ముక్తినాథ్, రాత్రికి అక్కడే బస. కాగితం మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మా బిల్డింగ్ వాచ్‌మన్‌ది నేపాలే, ఆ కాళీ గండకి లోయలోనే వాళ్ళ ఊరు. లిఫ్టు దగ్గర కనిపిస్తే ఆ కాగితం చూపించాను. "దీదీ, దీంట్లో రోజులు రాశారు, ఎత్తు రాయలేదే" అన్నాడు. హిందీలో అన్నాడులెండి, నేను తెలుగులో చెప్తున్నాను.

ఆ రాత్రి కూర్చుని ప్రతి ఊరి పక్కనా ఎత్తు రాశాను. ఖాట్మండు సుమారు 1,400 మీటర్లు. పోఖరా 820, అంటే దాదాపు మన తిరుమల కొండంత. జోమ్‌సోమ్ 2,740. ముక్తినాథ్ గుడి 3,700 పైనే. మావారి ప్లాను ప్రకారం అత్తయ్యగారు పొద్దున తిరుమలంత ఎత్తులో కాఫీ తాగి, రాత్రికి దానికన్నా ఇంకో మూడు కిలోమీటర్లు పైన పడుకోవాలి. కారులో మూడు కిలోమీటర్లంటే ఐదు నిమిషాలు. నిలువుగా మూడు కిలోమీటర్లంటే శరీరానికి చాలా పెద్ద ప్రయాణం.

ఎందుకో చెప్తాను. "పైన ఆక్సిజన్ ఉండదు" అని చాలామంది అనేస్తారు. అది సరైన మాట కాదు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా ఇక్కడా వందకి 21 పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. పది దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నది అణిగి గట్టిగా ఉంటుంది, పైది వదులుగా ఉంటుంది కదా. గాలి కూడా అంతే. ముక్తినాథ్ దగ్గర గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో మూడింట రెండు వంతుల కన్నా కొంచెం తక్కువే. ఒక్కో శ్వాసతో లోపలికి వెళ్ళే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడుతుంది, కానీ రోజులు పడుతుంది. ఆలోపు తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. అవి వస్తున్నా పట్టించుకోకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. కుర్రవాళ్ళకి రాదని అనుకోకండి, రోజూ పరిగెత్తేవాళ్ళకి కూడా రావచ్చు.

అందుకే కొండలెక్కేవాళ్ళు పగటి ఎత్తు కన్నా పడక ఎత్తు ముఖ్యం అంటారు. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటు కన్నా ఈరోజు పడుకునే చోటు 500 మీటర్లకి మించి పైన ఉండకూడదు. పగలు పైకి వెళ్ళి చూసి, రాత్రికి దిగి వచ్చి పడుకుంటే ఇంకా మంచిది.

దూరం సంగతి కూడా చూడండి. ఖాట్మండు నుంచి పోఖరాకి 200 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి విజయవాడ అంతకన్నా దూరం, అయినా ఐదు గంటల్లో వెళ్ళిపోతాం. ఇక్కడ బస్సుకి ఆరేడు గంటలు పడుతుంది, రోడ్డు పనులుంటే ఇంకా ఎక్కువ. అంతా ఘాట్ రోడ్డు. రోడ్డు నది వెంట లోయలో పోతుంది, మలుపు మీద మలుపు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, అంటే కొండ పక్క భాగం మట్టితో, రాళ్ళతో సహా ఊడి రోడ్డు మీద పడుతుంది. మా బడికి పెద్ద సెలవులు జూలై, ఆగస్టుల్లో. నేపాల్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. కాబట్టి పెద్ద సెలవులు మాకు పనికిరాలేదు. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది కానీ అప్పుడే వాళ్ళ దశైం, మన దసరానే. ఊళ్ళకి పోయేవాళ్ళతో బస్సులన్నీ నిండిపోతాయి. చివరికి పరీక్షలయ్యాక మార్చి చివర్లో అనుకున్నాం.

విమానం ఉంది కదా అంటారేమో. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి ఇరవై నిమిషాలే. ఒకపక్క అన్నపూర్ణ, ఇంకోపక్క ధవళగిరి, రెండూ 8,000 మీటర్లు దాటినవి, వాటి మధ్య లోయలో ఎగురుతుంది. ఎండెక్కేకొద్దీ ఉత్తరాన ఉన్న బోడి పీఠభూమి వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి దక్షిణం నుంచి గాలి ఈ సన్నని లోయ గుండా దూసుకొస్తుంది. అందుకని విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి. మబ్బు పట్టి పొద్దున కుదరకపోతే ఆ రోజుకి ఇక లేనట్టే. కొండల దేశంలో ఏ ప్లానుకైనా ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలనేది అందుకే.

కొత్త ప్లాను ఇదీ. ఖాట్మండులో రెండు రాత్రులు, పోఖరాలో రెండు. తర్వాత జీపులో తాతోపాని, 1,190 మీటర్లు. నేపాలీలో తాతో అంటే వేడి, పాని అంటే నీళ్ళు. నది ఒడ్డున వేడినీటి ఊటలున్నాయి, పేరు వాటి వల్లే వచ్చింది. మర్నాడు మార్ఫా, 2,670 మీటర్లు. తెల్లసున్నం వేసిన రాతి ఇళ్ళు, ఆపిల్ తోటలు ఉన్న ఊరు. అక్కడ మూడు రాత్రులు. ఒక రోజంతా ఏమీ చేయకుండా ఊళ్ళో నడవడమే. ఆ మర్నాడు పొద్దున ముక్తినాథ్ వెళ్ళి, 108 ధారల కింద తల తడుపుకుని, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికల్లా దిగి మార్ఫాలోనే పడక. తిరుగు ప్రయాణంలో ఒక ఖాళీ రోజు. ఆరు రోజులు కాస్తా పదకొండయ్యాయి. మావారు ఆఫీసులో ఇంకో వారం సెలవు అడగాల్సి వచ్చింది, మొహం కొంచెం మాడింది కూడా.

మధ్యలో బాబుకి ఒక సందేహం వచ్చింది. సాలగ్రామం నిజంగా ఏమిటి? కోట్ల ఏళ్ళ కిందట, హిమాలయాలు పుట్టక ముందు, అక్కడ సముద్రం ఉండేది. అందులో బతికిన గవ్వలాంటి జీవులు బురదలో కూరుకుని రాళ్ళయ్యాయి. తర్వాత భారత భూఖండం ఆసియాని గుద్దుకుని ఆ సముద్రం అడుగు పైకి లేచింది. రాతి లోపలి చక్రం ఆ గవ్వ చుట్లే. ఇది చెప్తే అత్తయ్యగారు ఏమంటారోనని భయపడ్డాను. "పాలసముద్రంలో పడుకునే స్వామి సముద్రంలోంచి కాక ఇంకెక్కణ్ణుంచి వస్తాడు?" అన్నారు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బీపీ అదుపులో ఉంది, వెళ్ళొచ్చు, కానీ మార్ఫాలో తలనొప్పి మొదలైతే ఆపైకి వద్దు అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకున్నారు. అయినా నా బెంగ తీరలేదు. మన పెద్దవాళ్ళు పిల్లల ప్రయాణం పాడవుతుందని నొప్పి దాచేస్తారు. అందులోనూ గుడి కోసం ఇంత దూరం వచ్చాక!

అందుకని మా బాబుకి ఒక పని అప్పగించాను. మార్ఫాలో రోజూ పొద్దున నాన్నమ్మని మూడు ప్రశ్నలు అడగాలి. "రాత్రి నిద్ర పట్టిందా? తలనొప్పిగా ఉందా? తినాలనిపిస్తోందా?" నేను అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అంటారు. మనవడు అడిగితే నిజం చెప్తారు. కానీ ఆ జవాబు వాడికి అర్థం కావాలి కదా. "పర్లేదు" అంటే బాగుందని కాదు, ఓర్చుకోగలను అని. "తల దిమ్ముగా ఉంది", "తల పట్టేసింది", రెండూ తలనొప్పి కిందే లెక్క. "కడుపులో తిప్పుతోంది" అంటే వికారం. "ఆయాసంగా ఉంది" అంటే ఊపిరి అందడం లేదు, వెంటనే అమ్మని పిలవాలి. "నోటికి ఏదీ సయించడం లేదు" అని నాన్నమ్మ అంటే వంట బాగాలేదని కాదు. ఈ మాటల్లో ఏది విన్నా ఆ రోజు పైకి వెళ్ళేది లేదు. మేమూ ఆగిపోతాం, ఆవిడ ఒక్కరే కాదు. ఇది ముందే, ఆవిడ ఎదురుగానే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు మీ పని. మీరు వెళ్ళాలనుకునే కొండ ప్రాంతం ఒకటి ఎంచుకోండి. నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి రోజు, ఊరు, పడక ఎత్తు రాయండి. ఖాళీ రోజు ఎక్కడ పెట్టారో చుక్క పెట్టండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని, ఫోనులో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి: ఒంట్లో బాగాలేనప్పుడు మీరు ఏ మాటలు అంటారు? వాళ్ళు చెప్పినవి చెప్పినట్టే రాసుకోండి, నేను పైన రాసినవి కాక ఇంకా చాలా వస్తాయి.